ప్రార్థన మనవి

రెండో పాట అయిపోవచ్చింది. ఇంకొక పాట, ఆ తర్వాత వాక్యం, ఆ తర్వాత సాక్ష్యం, చివర్న బల్ల. సాక్ష్యం వంతు రాగానే పాస్టరుగారు దయాకర్ పేరు పిలుస్తారు. దయాకర్ లేచి మైకు దగ్గరికి వెళ్లి, నాలో ఒక పాపం ఉండేది, ప్రభువు దాన్ని తీసేశాడు, నేను మారిపోయాను అని సంఘమంతా వినేట్టు చెప్పాలి. చెబితే వాళ్లింట్లో ముగ్గురికీ ఈ పూట మళ్లీ ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం అందుతాయి. వాళ్ల నాన్న క్రీస్తుదాసు మళ్లీ సంఘపెద్దగా నిలబడి రొట్టె పళ్లెం పట్టుకుంటాడు. చెప్పకపోతే ఎప్పటికి అందుతాయో పాస్టరుగారికే తెలియదు. పదిహేడేళ్ల పిల్లవాడి నెత్తిన ఇంత బరువు పెట్టి, సంఘం మాత్రం చాపల మీద బాసింపట్లు వేసుకుని, డోలక్ దరువుకు చప్పట్లు కొట్టుకుంటూ హాయిగా పాడుకుంటోంది. వాడికి భయం వేయాలి. వేస్తోందా అని తనలోకి తాను తొంగి చూసుకున్నాడు. లేదు. సిగ్గుగా ఉందా? అదీ లేదు. చాప ఈనె ఒకటి లేచి మడమకు గుచ్చుకుంటోంది, అది మాత్రం తెలుస్తోంది. కాస్త జరిగి కూర్చోవచ్చు. జరగలేదు.

కిటికీలోంచి ఘాటు కొడుతోంది. చర్చి వెనక కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. మార్చి మొదటి ఆదివారం, పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది, గాలి ఇటు తిరిగినప్పుడల్లా సంఘమంతా ఒక్కసారిగా దగ్గుతోంది. పాట మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో హల్లెలూయ. మిరప కాలంలో ఈ పల్లెలో దగ్గకుండా దేవుణ్ణి స్తుతించినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఎడమ పక్కన ఆడవాళ్లు, కుడి పక్కన మగవాళ్లు, మధ్యలో మనిషి నడిచేంత దారి. ఆ దారికి అవతల అమ్మ కూర్చుని ఉంది. పున్నమ్మ చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. నిన్న పొద్దు గూకేదాకా కోతలో ఉంది, కోతకు వెళ్లిన మర్నాడు వేళ్లు నిప్పుల్లా మండుతాయి, అందుకని దేన్నీ తాకకుండా అట్లా పెట్టుకుంటుంది. ఆమె పాడటంలేదు. అందరూ దగ్గినప్పుడు దగ్గడమూ లేదు. వెనక వరసలో కుర్రాళ్లు నిన్నటి మ్యాచి గురించి గుసగుసలాడుతున్నారు. పాకిస్తాన్ మీద గెలిచాం, పల్లెలో రాత్రి టపాకాయలు కూడా పేలాయి. వాళ్ల గుసగుస కాసేపటికి తనమీదికి తిరుగుతుందని దయాకర్‌కు తెలుసు. తిరిగింది. "దయామణీ" అన్నాడొకడు, పాటలో కలిసిపోయేట్టు సన్నగా, రాగం తీసి. దయాకర్ వెనక్కి చూడలేదు. ఆ పేరు ఈ పల్లెలో పుట్టింది కాదు, గుంటూరు హాస్టల్లో పుట్టింది. మనుషులకు బస్సు దొరకని రోజులుంటాయి గాని పేర్లకు ఎప్పుడూ దొరుకుతుంది. దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చింది కూడా పరాయివాళ్లు కాదు.

మూడో పాట ఎత్తుకున్నారు. ఒకప్పుడు ఈ పాట ఎత్తుకునేది దయాకరే. గొంతు సన్నగా, నీళ్లలా ఉండేది. దేవదూతలు ఇట్లాగే పాడతారు కాబోలు అని ఆడవాళ్లు బుగ్గలు పుణికేవాళ్లు, క్రిస్మస్‌కు తెల్లబట్టలు తొడిగి ముందు నిలబెట్టేవాళ్లు. అదే గొంతు గుంటూరులో ఇంటర్మీడియట్ క్లాసులో హాజరు పలికితే అరవైమంది నవ్వేవాళ్లు. ఊరు మారితే గొంతు కూడా మారిపోతుందేమో, ఎవరికి తెలుసు. ఇప్పుడు పాట ఎత్తుకోమని వాడిని ఎవరూ అడగరు, వాడికీ పాడాలని లేదు. పెదాలు కదిలిస్తున్నాడు, శబ్దం లేదు. కదిలించకపోతే పక్కవాళ్లు చూస్తారు. మైకు దాకా ఎలా నడవాలి అన్నదొక్కటే ఆలోచించాలి. పెద్ద దూరమేమీ కాదు, పిల్లలు పాకుతూ పోగలరు. కాని నడక అని మనసులో అనుకున్నాడంటే చాలు, ఆ మైదానం వచ్చేస్తుంది.

ఆ కాలేజీ పేరు వాడు తలుచుకోడు. గోడల మీద ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలు, లోపల ఇనప మంచాలు, బయట కాస్త ఎర్రమట్టి మైదానం, పొద్దున్నే అక్కడ వరసలు కట్టి నిలబడటం. వైస్ ప్రిన్సిపాల్‌గారు దయాకర్‌ను ముందుకు పిలిచారు. "జెండా కర్ర దాకా నడిచి రారా. మగాడు ఎట్టా నడుస్తాడో అట్టా నడువు." వాడు నడిచాడు. "అట్టా కాదు, నడుం కదలకూడదు." మళ్లీ నడిచాడు. "భుజాలు వెనక్కి పెట్టు. చేతులు ఊపు. ఏం, మీ నాన్న నడవడా, ఆయన్ని చూడలేదా ఎప్పుడూ?" మళ్లీ నడిచాడు. ఎన్నిసార్లు నడిచాడో వాడికి లెక్క లేదు. మధ్యలో ఎవడో చప్పట్లు మొదలుపెట్టాడు, లెఫ్ట్ రైట్ లెఫ్ట్ రైట్ అని అడుగుకో చప్పట, ఆ తర్వాత మైదానమంతా అందుకుంది. ఆయన ఆపలేదు, పైగా ఆయన ముఖంలో కూడా కాస్త నవ్వు. చెడ్డమనిషేమీ కాదాయన. భార్యకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే క్లాసు వదిలేసి పరుగెత్తిన మనిషే. ఈ పిల్లవాణ్ణి పదిమందిలో పెట్టి బాగుచేస్తున్నానని నిజంగానే అనుకున్నాడు. దయాకర్‌ను పాడుచేసినవాళ్లలో ఎక్కువమంది వాడిని బాగుచేద్దామని వచ్చినవాళ్లే. ఆ రోజు నుంచి వాడికి నడక రాదు. అంతకుముందు కాళ్ల పని కాళ్లే చూసుకునేవి. ఇప్పుడు ప్రతి అడుగూ వాడే వేయాలి, వేసి, సరిగ్గా పడిందా అని చూసుకోవాలి. మిరపచేను గట్టుమీద నడిచేటప్పుడు ఎవరూ లేకపోయినా చూసుకుంటాడు.

చప్పట్లు కొట్టిన చేతుల్లో ఒక జత చేతులు వాడికి బాగా తెలుసు. యలమందవి. సత్తెనపల్లి పక్కన పత్తి రైతు కొడుకు, హాస్టల్లో పక్క మంచం. సెలవులకు వెళితే చేలో పత్తికంప పీకి, చేతులు గీరుకుపోయి తిరిగొచ్చేవాడు. లెక్కలు రావు, దయాకర్ చెప్పేవాడు. యలమందకేమో నవ్వడం బాగా వచ్చు. నవంబరులో యలమందకు జ్వరం తగిలింది. ఆదివారం మధ్యాహ్నం అందరూ బయటికి పోయారు, దయాకర్ ఉండిపోయి తడిగుడ్డ మార్చుతూ కూర్చున్నాడు. యలమంద మూసిన కన్ను తెరవలేదు. వాడి చేయి మంచం అంచు మీంచి కిందికి వేలాడుతోంది. దయాకర్ దాన్ని అందుకుని, పైన పెట్టబోయి, పెట్టకుండా, ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకున్నాడు. కాలిపోతోంది. గరుగ్గా ఉంది. తీయాలనిపించలేదు. అంతే. ఆ తర్వాత ఎవరెవరు ఏమేం కలిపి చెప్పుకున్నా జరిగింది అంతే. కాని అంతలోనే వాడికి సంగతి బోధపడింది. ఇన్నాళ్లూ స్నేహం అనుకున్నది స్నేహం కాదు, యలమంద అంటే తనకు ప్రేమ. పిల్లలందరికీ ఏదో ఒక వయసులో తెలిసే సంగతే, కాకపోతే వాళ్లకు ఆడపిల్లల వైపు తెలుస్తుంది. వాడికి ఇటు తెలిసింది. సంతోషం వేసింది. అవును, ముందు వేసింది సంతోషమే, అది వాడికి బాగా గుర్తు. తల తిప్పేసరికి గుమ్మంలో ప్రేమ్‌చంద్ నిలబడి ఉన్నాడు, అదే గదిలో ఉండేవాడు, భుజం మీద తువ్వాలు, నోరు తెరుచుకుని.

రాత్రి భోజనాల వేళకు దయాకర్ కంచంలో గాజులున్నాయి. తెల్లారేసరికి పేరు మారిపోయింది. స్నానాల గది తలుపు మీద బొగ్గుతో బొమ్మ. వాడు కూర్చున్న బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోరు, కూర్చుంటే వాళ్లనూ అంటారని భయం. యలమందను నిలదీశారు. "నాకేం తెలుసురా, నేను జ్వరంలో ఉన్నా. వాడే పట్టుకున్నాడు" అన్నాడు యలమంద. అందులో అబద్ధం ఏముంది? అబద్ధమాడి తప్పించుకునేవాళ్లుంటారు, వాడు నిజం చెప్పి తప్పించుకున్నాడు. అందుకే దయాకర్‌కు వాడిమీద పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. మైదానంలో వాడు కొట్టిన చప్పట్లు మిగతావాళ్లకంటే గట్టిగా వినిపించాయి. వినిపించాయా, వినిపించాయని అనుకున్నాడా? జెండా కర్ర దగ్గర తిరిగేటప్పుడు ఒక్కసారి చూశాడు. యలమంద కళ్లు నేలమీద ఉన్నాయి, చేతులు మాత్రం కొడుతున్నాయి. అక్కడ, ఆ తిరుగుడులో, లోపల ఏదో ఆగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. కరెంటు పోయినట్టు పోయింది, మళ్లీ రాలేదు.

పాస్టరుగారు వాక్యం మొదలుపెట్టారు. తప్పిపోయి దొరికినవాళ్ల గురించి. మాటలు మంచివే. మైకు ముందు పలికిన మాట చర్చి కప్పు మీద రెండు హారన్లలోంచి బయటికి పోతోంది, ఒకటి పల్లె వైపు, ఇంకొకటి ఊళ్లో రైతుల బజారు వైపు. వాక్యం అందరికీ చేరాలని వాటిని పెట్టించింది క్రీస్తుదాసే, ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి. చేరుతోంది, చేరకేం. ఇప్పుడు క్రీస్తుదాసు ముందు వరసలో, బల్లకు దగ్గరగా కూర్చుని ఉన్నాడు, కాని బల్ల పక్కన కాదు. చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో పత్తి కుక్కిన గోనె బోరేలు మోస్తాడు, వీపు బల్లపరుపుగా ఉంటుంది. ఆదివారం మాత్రం తెల్లచొక్కా, జేబులో పెన్ను. దయాకర్ హాస్టలు వదిలేసి వస్తున్న రోజు బస్సు ఆ మిల్లు ముందు ఆగింది. రోడ్డు పక్క తుమ్మ కంపలకంతా దూది పట్టుకుని ఉంది. నాన్న లారీ మీదికి బోరెం ఎక్కిస్తూ కనపడ్డాడు, వంగి, ముఖమంతా దూది. వాడు కిటికీలోంచి తల లోపలికి లాక్కున్నాడు. దిగలేదు, పిలవలేదు. ఆయన ఇటు చూడనూ లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని చేతులకు ఆముదం రాసుకుంటోంది. అప్పుడే తొలికోతలు. బ్యాగు దించి, చెప్పేశాడు. ఎందుకు చెప్పాడో తెలియదు, దారి పొడుగునా చెప్పకూడదనే అనుకున్నాడు. గాజులు, పేరు, నడక, జ్వరం, చేయి, అన్నీ చెప్పి, "వాళ్లు అనేదాంట్లో నిజం ఉందమ్మా" అన్నాడు. పున్నమ్మ చేతులు వాడి ముఖం దాకా వచ్చి ఆగిపోయాయి. మిరపకాయ చేతులు, తాకితే కళ్లు మండుతాయి. గాలిలో అట్లాగే పెట్టుకుని చాలాసేపు చూసింది. "అన్నం తిన్నావా?" అంది చివరికి. తినలేదన్నాడు. "నువ్వే పెట్టుకో నాయనా, నా చేతులు బాగాలేవు. దేవుడున్నాడులే." వాడు పెట్టుకుని తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, వాడు తినేదంతా చూసింది. ఆ పూట వాడికి కాస్త నిద్ర పట్టింది.

శుక్రవారం ఫెబా ఇంట్లో ఆడవాళ్ల కూడిక. ఫెబా వాళ్ల పక్కింటామె, పున్నమ్మను వదినా అంటుంది. ఆ కూడికలో చివర్న ఒక్కొక్కరూ ప్రార్థన మనవి చెప్పుకుంటారు. గేదె పాలు చేపడంలేదని ఒకరు, కూతురి కాన్పని ఒకరు, మొగుడు తాగుతున్నాడని చాలామంది. ఎంత విడమరిచి చెబితే ప్రార్థన అంత సూటిగా వెళ్లి తగులుతుందని వాళ్ల నమ్మకం. డాక్టరు దగ్గర నొప్పి దాచిపెడితే మందెట్లా ఇస్తాడు, ఇదీ అంతే అంటారు. పున్నమ్మకు లోకంలో గోడు చెప్పుకునే చోటు అదొక్కటే. అన్నీ చెప్పింది. ఒక్క ముక్క దాచుకోలేదు. జ్వరం, చేయి, చెంప, "నా బిడ్డను దయామణి అని పిలుస్తున్నారంటమ్మా" అని ఆ పేరుతో సహా. ఆడవాళ్లంతా ఏడ్చారు, ఆమె తలమీద చేతులేసి గట్టిగా ప్రార్థన చేశారు. అందులో ఎగతాళి ఏమీ లేదు. కూడికలో వచ్చిన పెద్ద మనవులు ఆదివారం ఆరాధనకు పంపడం ఆనవాయితీ, అట్లాగే పంపారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, పున్నమ్మ మాట పృథివి సంగతేమో గాని ఆదివారానికల్లా మైకెక్కింది.

"తండ్రీ, మా సంఘపెద్ద క్రీస్తుదాసుగారి కుమారుడు దయాకర్‌లో ప్రవేశించిన ఆడదాని ఆత్మను బయటికి వెళ్లగొట్టుము" అని పాస్టరుగారు కళ్లు మూసుకుని, చెమటలు కక్కుకుంటూ, మనసారా అడిగారు. రెండు హారన్లూ ఆ మనవిని రెండు వైపులకూ చేర్చాయి. టీ కొట్టు దగ్గర వాళ్లు విన్నారు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు విన్నారు, కల్లాల్లో తాలుకాయ ఏరేవాళ్లు విన్నారు. ముందు వరసలో క్రీస్తుదాసు అలవాటుకొద్దీ "ఆమేన్" అన్నాడు. అన్నాక గాని ఆయనకు అర్థంకాలేదు. దయాకర్‌కు ఆ ఆమేన్ తప్ప ఆ రోజు ఇంకేమీ గుర్తులేదు. దాని తర్వాత పెద్దలు కూర్చుని, ఇంట్లో ఇట్లాంటిది ఉండగా పళ్లెం ముట్టడం మంచిది కాదు, పిల్లవాడు విడుదల పొంది సాక్ష్యం చెప్పేదాకా మీ కుటుంబం బల్లకు దూరంగా ఉండండి అని మెల్లగానే చెప్పారు. క్రీస్తుదాసు సరేనన్నాడు. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. వాడున్న చోట కళ్లు కాస్త పక్కకు పెట్టుకునేవాడు, ఎండ పడుతున్నట్టు. పిల్లలు గుంపుగా ఇంటి ముందుకొచ్చి పేరు పెట్టి అరిచి పారిపోయేవాళ్లు. కల్లం దగ్గర ఒకాయన బస్తా కుడుతూ "ఏరా, దిగిందా ఆత్మ?" అని అడిగాడు, వానొస్తుందా అని అడిగినట్టు. లేదండీ అన్నాడు వాడు. ఆయనే తెల్లబోయాడు.

అమ్మ మీద కోపం రావాలి. దానికోసం చాలా రోజులు ఎదురుచూశాడు. వస్తే బాగుండేది, ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నట్టు ఉండేది. ఏడుపు రావాలి, అది కూడా రాలేదు. ఒకసారి గిన్నె దించుతూ చేయి కాల్చుకున్నాడు, బొబ్బ లేచింది, దాన్ని వేలితో నొక్కి చూశాడు. చచ్చిపోవాలని కూడా అనిపించలేదు, దానికైనా ఏదో ఒకటి అనిపించాలి కదా. అన్నం పెడితే తిన్నాడు, లేవమంటే లేచాడు, ఉపవాస ప్రార్థనకు కూర్చోమంటే కూర్చున్నాడు. తలకు నూనె రాసి, అరచేత్తో నొక్కి, వదులు వదులు అని పెద్దలు కేకలేస్తే, ఏం వదలాలో తెలియక మెడ వదులు చేశాడు. పున్నమ్మ శుక్రవారం కూడికకు వెళ్లడం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నిన్న పాస్టరుగారి వసారాలో ఆయన వాడి భుజం మీద చేయి వేసి "మారావా బాబూ?" అన్నారు. "మారానండి." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, రేపు ఏం చెప్పాలో నేర్పించారు. తిరిగొచ్చే దారిలో అమ్మ ఆగి, "నిజంగానేరా?" అంది. "ఊఁ" అన్నాడు. ఆమె వాడి ముఖంలోకి చూసింది. తర్వాత ఇంటిదాకా ముందు నడిచింది.

"సహోదరుడు దయాకర్."

లేచాడు. అడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు. భుజాలు వెనక్కి, నడుం కదలకుండా. దగ్గులు ఆగిపోయాయి. డోలక్ వాయించేవాడు కూడా దరువు మీంచి చేయి తీసి చూస్తున్నాడు. మైకు స్టాండు పొడుగ్గా ఉంటే పాస్టరుగారే కిందికి దించారు, తండ్రిలా. దయాకర్ నోరు తెరిచాడు. దేవుని నామమునకు స్తోత్రం, నేను ఒక హేయమైన పాపంలో ఉన్నాను, సాతాను నన్ను బంధించాడు, నా తల్లిదండ్రుల ప్రార్థన వలన, సంఘం ప్రార్థన వలన ప్రభువు నన్ను విడిపించాడు, నేను మారిపోయాను. తన గొంతు హారన్లో బయట మోగి, ఒక క్షణం ఆలస్యంగా కిటికీలోంచి తిరిగొస్తోంది. అది మాత్రం వింతగా అనిపించింది, ఎవరో కల్లంలో నిలబడి ఇదే మాటలు చెబుతున్నట్టు. తడబడలేదు. లెక్క అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. సంఘం ఒక్క గొంతుతో స్తోత్రమంది. చప్పట్లు. మళ్లీ చప్పట్లే. వాటిమధ్య నడిచి వచ్చి తన చోట కూర్చున్నాడు. ఇక చూపులు పోతాయనుకున్నాడు, పోలేదు. ఇప్పుడు మెచ్చుకుంటూ చూస్తున్నారు. మెడ మీద రెండూ ఒకే బరువు.

పాస్టరుగారు బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. క్రీస్తుదాసును పేరు పెట్టి పిలిచి, రొట్టె పళ్లెం చేతికిచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. బోరేలు మోసే చేతుల్లో ఆ పళ్లెం మరీ చిన్నగా కనపడింది. ముందు మగవాళ్ల వైపు వచ్చింది. బేకరీ రొట్టెను అంచులు తీసి, గోరంత ముక్కలుగా కోసి ఉంటుంది. వరస మొదట్లో అందిస్తే చేతులు మారుతూ పోతుంది. బాప్తిస్మం పొందినవాళ్లంతా తీసుకోవచ్చు, మనసులో పాపం పెట్టుకుని మాత్రం తీసుకోకూడదు. అట్లాంటివాళ్లు ముట్టుకోకుండా పక్కవాళ్లకు దాటించాలి. తలలు వంచుకుని ప్రార్థనలో ఉన్నట్టే ఉంటారు గాని, ఎవరు దాటించారో ఓరకంట చూడని మనిషి లేడు. సాయంత్రానికి పల్లెంతా అదే మాట, ఫలానామె బల్ల దాటేసిందంట, ఏం చేసిందో ఏమో అని. పళ్లెం దయాకర్ దగ్గరికి వచ్చింది. ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. అబద్ధమాడి తింటే శిక్ష ఉంటుందని చిన్నప్పుడు నేర్పారు. శిక్ష కోసం కాసేపు చూశాడు. మెత్తగా, కాస్త తియ్యగా ఉంది. మింగడం మర్చిపోయాడు.

క్రీస్తుదాసు దారి దాటి ఆడవాళ్ల వరసలకు వెళ్లాడు. పళ్లెం పున్నమ్మ దాకా వచ్చింది. ఆమె రెండు చేతులతో అందుకుంది, దానివైపు చూసింది, పక్కనున్న ఫెబాకు అందించింది. ఫెబా పళ్లెం పట్టుకుని ఉండిపోయింది.

"అదేంది వదినా, తీసుకోవేం? ఇయ్యాల మీకు బల్ల ఇచ్చారుగా!"

పున్నమ్మకు గుసగుసగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు. చేలో ఆ మూల నుంచి ఈ మూలకు పిలిచే గొంతు.

"వాడు తిన్నాడుగా. చాల్లే. నువ్వు అవతలికియ్యి."

పనులు లేని వానాకాలంలో గిన్నెలో అన్నం ఒక్కరికే ఉన్నప్పుడు ఆమె అనే మాట అది. వాడు తిన్నాడుగా, చాల్లే, అని కుండలో నీళ్లు ముంచుకుని తాగి పడుకునేది. పాపం ఏదైనా ఉంటే అది నాది అని చెప్పడానికి ఆమెకు ఇంకో మాట తెలియదు. వాడు చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు. నిన్న దారిలోనే తెలుసు. మూడు నెలలుగా దయాకర్ వైపు తిరిగి ఉన్న తలకాయలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. ఏం చేసిందో పున్నమ్మ. కొడుకు బాగుపడ్డ రోజున బల్ల దాటేసిందే. క్రీస్తుదాసు వరస చివర పళ్లెం కోసం చేయి చాపి అట్లాగే నిలబడిపోయాడు. ఆమె తల వంచుకోలేదు. మండే చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఆ చూపులు ఎక్కడెక్కడ గుచ్చుకుంటాయో వాడికి తెలుసు. చెవుల వెనక, జబ్బల మధ్య, అరికాళ్లలో. ఇప్పుడు అవన్నీ అమ్మ మీద ఉన్నాయి, పిలిచి మరీ మీదేసుకుంది. అప్పుడు వచ్చింది నొప్పి. తిమ్మిరెక్కిన కాలికి నెత్తురు పాకినట్టు, తట్టుకోలేనంతగా, ఒంటినిండా. అమ్మ మీద కోపం కూడా వచ్చింది, ఎందుకు చెప్పావే వాళ్లకి అని, అన్నీ ఎందుకు చెప్పావే అని. ఆ కోపంలోనే ఆమె మీద ఎంత ప్రేమ ఉందో కూడా తెలిసింది. యలమంద మీద బెంగ వచ్చింది. నాన్న చాపిన చేయి చూసి జాలి వచ్చింది. ఏది ముందో ఏది వెనకో తెలియకుండా అన్నీ కలిసి వచ్చి పడ్డాయి, నోట్లో రొట్టె అట్లాగే ఉండగా దయాకర్ పెద్దగా ఏడ్చాడు, చిన్నపిల్లవాడిలా, ఊపిరి అందకుండా.

పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. మైకు దగ్గరికి లాక్కుని, "చూడండి సంఘమా, ఈ బిడ్డ రాతిగుండెను ప్రభువు ఎట్లా కరిగించాడో చూడండి!" అన్నారు. స్తోత్రం, స్తోత్రం అని హాలు మోగింది. పల్లె వైపు హారన్, ఊరి వైపు హారన్ ఆ ఏడుపును కూడా అందుకున్నాయి. పున్నమ్మ స్తోత్రం అనలేదు. దారికి అవతల నుంచి కొడుకు వైపు తిరిగి, పొలమారుతుంది, ముందు అది మింగరా అన్నట్టు గడ్డం ఆడించింది.